అరవయ్యో వరస

మా నాయన గూడూరు జంక్షన్‌లో రైల్వే గుమాస్తా. పగలంతా ఆఫీసులో గళ్ళ రిజిస్టర్లు నింపేవాడు. ఇంట్లో కూడా ఆయనకొక రిజిస్టరు ఉండేది. పొడుగాటిది, నల్ల అట్ట, ఎర్ర గుడ్డ బైండు. చాలాకాలం అది ఇంటి పద్దుల పుస్తకం అనుకున్నాను. చదవడం బాగా వచ్చాక ఒకరోజు తెరిచి చూస్తే అందులో పాల లెక్క లేదు, బియ్యం లెక్క లేదు. ప్రతి పేజీలోనూ ఐదు గళ్ళు: తేదీ, ఊరు, ఎదుటి మనిషి, ఎన్నో రౌండు, ఫలితం. మొదటి వరసలో 1960 అక్టోబరు 29, లూయీవిల్ అని ఉంది. అమెరికా బాక్సర్ ముహమ్మద్ అలీ ప్రొఫెషనల్‌గా ఆడిన ఫైట్లన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి.

గూడూరులో కూర్చుని ఇదంతా ఎట్లా పోగుచేశాడంటే, మద్రాసు దగ్గర కాబట్టి. రైల్వే పాసు మీద వెళ్ళి, సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్‌లో పాత అమెరికా పత్రికలు బేరమాడి తెచ్చేవాడు. ఒక పత్రికలో రౌండు దొరికేది, ఇంకోదాంట్లో ఊరు దొరికేది. దొరకని గడి పెన్సిలుతో చుక్క పెట్టి ఖాళీగా వదిలేవాడు. రెండేళ్ళ తర్వాత దొరికితే చుక్క చెరిపి ఇంకుతో రాసేవాడు. అంత ఓపిక ఆయనకు ఇంకే విషయంలోనూ నేను చూడలేదు.

1980 మొదట్లో అలీ మద్రాసు వచ్చాడు. నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ఎగ్జిబిషన్ ఫైటు. ముఖ్యమంత్రి ఎమ్జీఆర్ కూడా వచ్చాడు. నాకప్పుడు ఏడేళ్ళు. జనం తొక్కిసలాటలో పిల్లాడెందుకని నన్ను తీసుకుపోలేదు. నేను ఏడ్చి ఏడ్చి నిద్రపోయానట. మర్నాడు నాయన వచ్చి, లుంగీ పైకి కట్టుకుని, వాకిట్లో వేపచెట్టు కింద అలీ కాళ్ళు ఎట్లా కదిపాడో చేసి చూపించాడు. సన్నటి మనిషి, కళ్ళజోడు జారిపోతోంది, అయినా ఆపలేదు. "ఎల్లిస్ అంటే ఎవురనుకున్నావ్ అబ్బయ్యా? మన పుస్తకంలో 33వ వరస!" అన్నాడు. పుస్తకంలో తాను చేత్తో రాసుకున్న పేరు ప్రాణంతో వచ్చి రింగులో నిలబడటం ఆయనకు పెద్ద వింత. అలీని చూసిన సంతోషం ఎంతో, ఎల్లిస్‌ని చూసిన సంతోషం కూడా అంతే.

అదే ఏడాది అక్టోబరు 2న లాస్ వేగాస్‌లో అలీ, లారీ హోమ్స్‌తో ఆడాడు. అలీకి 38 ఏళ్ళు, హోమ్స్‌కి 30. అలీ రెండేళ్ళుగా ఫైటు లేక ఉన్నాడు. హోమ్స్ 35 ఆడి 35 గెలిచిన ఛాంపియన్. పేపర్లో వచ్చేసరికి 4వ తేదీ అయింది. పదో రౌండు తర్వాత అలీ స్టూలు మీంచి లేవలేదు. ఆయన ట్రైనర్ ఏంజెలో డండీ ఇక చాలని ఆపించేశాడు. అలీ జీవితంలో అట్లా మధ్యలో ఆగిపోయి ఓడిన ఫైటు అదొక్కటే.

నాయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. పుస్తకం బయటికి తియ్యలేదు. వారం గడిచింది, నెల గడిచింది. ఆ వరస రాయలేదు. పుస్తకం 59 దగ్గర ఆగిపోయింది. మరుసటి ఏడాది డిసెంబరులో అలీ బహామాస్‌లోని నాసావులో ట్రెవర్ బెర్బిక్ చేతిలో ఓడి ఆట మానేశాడు. 60వదే రాయనివాడు 61వది ఎట్లా రాస్తాడు?

ఓటములు రాయడానికి ఆయన ఇష్టపడడని కాదు. ఫ్రేజర్ చేతిలో, నార్టన్ చేతిలో, లియోన్ స్పింక్స్ చేతిలో ఓడినవి నీటుగా ఇంకుతో రాసి ఉన్నాయి. హోమ్స్ సంగతి వేరు. హోమ్స్ ఒకప్పుడు అలీ దగ్గర సాధన ఫైట్లు ఆడిన కుర్రాడు. పెన్సిల్వేనియాలో డీర్ లేక్ అనే చోట అలీ శిక్షణ శిబిరంలో రోజుకూలికి దెబ్బలు తిని పని నేర్చుకున్నవాడు. "గురువు మీద చెయ్యెత్తినోడి పేరు నా చేత్తో రాయను" అన్నాడు నాయన. మా ఇంట్లో ఆ పేరు మళ్ళీ చాలాకాలం వినపడలేదు.

ఇక్కడ గవాస్కర్ సంగతి చెప్పాలి. 1983 డిసెంబరులో మద్రాసు చేపాక్‌లో గవాస్కర్ ముప్ఫయ్యో సెంచరీ కొట్టి బ్రాడ్‌మన్ 29ని దాటాడు. మా వీధంతా సంబరం. నేను కూడా ఇంటికి పరుగెత్తుకొచ్చి ప్రపంచంలో ఇక మనవాడే గొప్ప అన్నాను. నాయన నన్ను కూర్చోబెట్టి, పలక మీద రెండు అంకెలు రాశాడు. 52, 99. బ్రాడ్‌మన్ 52 టెస్టుల్లో 29 కొట్టాడు, గవాస్కర్‌కి ఇది 99వ టెస్టు. వెంటనే తనే ఇంకో మాట చెప్పాడు. ఈ 236 పరుగులు మార్షల్, హోల్డింగ్ లాంటి వాళ్ళ బంతుల మీద వచ్చాయి, అందుకని గవాస్కర్‌ది తక్కువని కూడా అనుకోవద్దన్నాడు. "ఎంత అని అడిగినాక ఎవురి మీద అని అడగాల. ఆ పైన ఎప్పుడు అని అడగాల. అప్పుడు గానీ అంకెకు అర్థం రాదు." పదేళ్ళ పిల్లాడికి అది మనసులో నాటుకుపోయింది. ఆ మాటనే తర్వాత ఆయన మీదకు తిప్పుతానని అప్పుడు తెలీదు.

1995లో చదువు కోసం పెన్సిల్వేనియా వెళ్ళాను. బెత్లహేమ్‌లోని లీహై యూనివర్సిటీ. నేను దిగిన ఏడాదే నవంబరులో ఆ ఊరి ఉక్కు ఫ్యాక్టరీలో కొలుములు ఆర్పేశారు. చదువయ్యాక 1997లో ఉద్యోగం వచ్చింది, అద్దె తక్కువని పక్కనే ఉన్న ఈస్టన్‌లో గది తీసుకున్నాను. రెండు నదులు కలిసే చిన్న ఊరు. లీహై నది వచ్చి డెలావేర్‌లో కలుస్తుంది, వంతెన దాటితే న్యూజెర్సీ. సామాను దించుకున్న మర్నాడు నది పక్కన నడుస్తుంటే రోడ్డు పేరు బోర్డు కనపడింది. లారీ హోమ్స్ డ్రైవ్.

కొంచెంసేపు అక్కడే నిలబడిపోయాను. ఆ పేరు గూడూరులో మా ఇంట్లో నిషేధం. ఇక్కడ రోడ్డుకి పెట్టుకున్నారు. హోమ్స్‌ది ఈ ఊరే. జార్జియాలో పుట్టి, చిన్నతనంలోనే ఇక్కడికొచ్చిన కుటుంబం, పన్నెండు మంది పిల్లలు. ఏడో తరగతిలో బడి మానేసి గంటకు ఒక డాలరుకి కార్లు కడిగాడు. ఛాంపియన్ అయ్యాక కూడా ఊరు విడిచిపెట్టలేదు. సంపాదించిన డబ్బుతో ఆ నది ఒడ్డునే భవనాలు కట్టించాడు.

ఆ ఆదివారం ఫోన్ కార్డు గీకి నాయనకు చెప్పాను. అవతల నిమిషానికి డబ్బులు పోతున్నాయి, ఈయన మాట్లాడడు. చివరికి "ఇంకో ఊళ్ళో ఇల్లు దొరకలేదంట్రా?" అన్నాడు.

నేను జుట్టు కత్తిరించుకునే సెలూన్ మా వీధి చివరే. నడిపే ఆయన ఇటలీ మూలాలున్న పెద్దాయన, అరవై ఐదు దాటాయి. అద్దం పైన ఒకే ఒక్క ఫొటో: రాకీ మర్సియానో. శనివారం పొద్దున వెళ్తే ఎప్పుడూ ఒక నల్లజాతి పెద్దమనిషి కూడా కుర్చీలో కూర్చుని ఉండేవాడు. ఉక్కు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి దిగిపోయినాయన. ఆయనకు కత్తిరించడానికి పెద్దగా జుట్టు లేదు. వాదించడానికే వచ్చేవాడు. వాళ్ళిద్దరి వాదన 1985లో మొదలైందట. నేను వెళ్ళేసరికి పన్నెండేళ్ళు నిండాయి.

వాదన ఇది. మర్సియానో 49 ఆడి 49 గెలిచి, ఛాంపియన్‌గానే 1956లో మానేశాడు. వాటిలో 43 నాకౌట్లు. హోమ్స్ 1985 నాటికి 48 ఆడి 48 గెలిచాడు. ఇంకొక్కటి గెలిస్తే సమానం. ఆ ఒక్కటి మైఖేల్ స్పింక్స్‌తో, సెప్టెంబరు 21న, లాస్ వేగాస్‌లో. స్పింక్స్ తక్కువ బరువు తరగతి ఛాంపియన్. హెవీవెయిట్ టైటిలు గెలిచిన లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ అంతవరకూ ఒక్కడూ లేడు. పదిహేను రౌండ్లయ్యాక ముగ్గురు జడ్జీలూ స్పింక్స్‌కే ఇచ్చారు. ఇద్దరి దగ్గర ఒక్క పాయింటు తేడా. సరిగ్గా ముప్ఫై ఏళ్ళ కిందట, అదే సెప్టెంబరు 21న, మర్సియానో ఆర్చీ మూర్‌ని కొట్టి తన 49వది పూర్తిచేశాడు. ఈ తేదీల సంగతి చెప్పింది నేనే. నాయన పోలిక, తేదీ కనపడితే పక్కన ఇంకో తేదీ వెతుకుతాను. ఆ రోజు నుంచి సెలూన్‌లో నాక్కూడా ఒక కుర్చీ దొరికింది.

ఓడిన కోపంలో హోమ్స్ ఆ రాత్రి మర్సియానో తన కాలిగోటికి సరిపోడన్న అర్థంలో ఒక మోటు మాట అన్నాడు. మర్సియానో తమ్ముడు అక్కడే ఉన్నాడు. తర్వాత హోమ్స్ క్షమాపణ చెప్పుకున్నాడు. కానీ సెలూన్ పెద్దాయన క్షమించలేదు. ఒకే ఊరివాడు, రోజూ ఎదురుపడేవాడు, అయినా సరే. ఆయనకు కారణం ఉంది. 1952లో, ఇరవై ఏళ్ళ వయసులో, ఫిలడెల్ఫియా వెళ్ళి మర్సియానో టైటిలు గెలిచిన ఫైటు చూసి వచ్చాడు. మొదటి రౌండులోనే కింద పడి, పన్నెండు రౌండ్లయ్యేసరికి ముగ్గురు జడ్జీల దగ్గరా వెనకబడి, పదమూడో రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బతో అప్పటి ఛాంపియన్ వాల్కాట్‌ని పడేశాడు మర్సియానో. పెద్దాయన దాన్ని చేతిలో కత్తెరతోనే చేసి చూపించేవాడు. లుంగీ కట్టుకుని వేపచెట్టు కింద గెంతిన మనిషి నాకు గుర్తొచ్చేవాడు.

"ఎవరిని కొట్టాడు?" అని ఫ్యాక్టరీ పెద్దమనిషి మొదలుపెట్టేవాడు. వాల్కాట్‌కి 38. జో లూయీకి 37, పన్ను బాకీలు తీర్చడానికి మళ్ళీ రింగెక్కినవాడు. మూర్ అసలు తక్కువ బరువువాడు. టైటిలు కాపాడుకున్నది ఆరుసార్లు. హోమ్స్ కాపాడుకున్నది ఇరవై సార్లు. హెవీవెయిట్లలో ఆయన కంటే పైన జో లూయీ 25 తప్ప అప్పటికి ఇంకెవరున్నారు? మర్సియానో 84 కిలోల మనిషి. ఆరడుగుల మూడంగుళాల హోమ్స్ ఎడమచేతి జ్యాబ్, అంటే సూటిగా పొడిచే దెబ్బ, దాటి లోపలికి ఎట్లా వస్తాడు?

సెలూన్ పెద్దాయన దగ్గర కూడా జవాబు సిద్ధం. హోమ్స్ కొట్టిన అలీకి 38 కాదా? జబ్బు మనిషి కాదా? చివరికి మైఖేల్ స్పింక్స్ మాత్రం తక్కువ బరువువాడు కాదా, మూర్‌ని మర్సియానో కొట్టినట్టు అతన్ని ఈయన కొట్టలేకపోయాడే? అదీ కాకుండా 1969లో అలీ, మర్సియానో ఇద్దర్నీ కెమెరా ముందు నిలబెట్టి, కంప్యూటరు లెక్క ప్రకారం ఒక ఫైటు తీశారు. అమెరికాలో చూపించినదాంట్లో మర్సియానో పదమూడో రౌండులో గెలుస్తాడు. అది విడుదలయ్యేలోపే మర్సియానో విమాన ప్రమాదంలో పోయాడు. "సున్నా అంటే సున్నానే" అనేవాడు పెద్దాయన. ఓటమి గడిలో సున్నాతోనే ఆట మానేసిన హెవీవెయిట్ ఛాంపియన్‌ని ఇంకొకణ్ణి చూపించమనేవాడు. చూపించడానికి అప్పటికి ఎవరూ లేరు.

నేను మొదట్లో నాయన కొడుకుగానే కూర్చున్నాను, అంటే అలీ తరఫున. కానీ ఆ ఊళ్ళో వీడియో షాపులో పాత ఫైట్ల క్యాసెట్లు దొరికేవి. ఒక చలికాలమంతా హోమ్స్ ఫైట్లు చూశాను. అప్పుడు నా అభిప్రాయం మారింది.

1978 జూన్ 9, కెన్ నార్టన్‌తో ఆడిన ఫైటు చూడండి. హోమ్స్ ఎడమ చెయ్యి అప్పటికే దెబ్బతిని ఉంది. అతని ఆటంతా ఆ చేతి మీదే. పద్నాలుగు రౌండ్లయ్యేసరికి ముగ్గురు జడ్జీల దగ్గరా చెరో ఏడు. మిగిలిన మూడు నిమిషాల్లో ఇద్దరూ కాళ్ళు పాతుకుని నిలబడి కొట్టుకున్నారు. వెనక్కి తగ్గినవాడు లేడు. చివరి గంట మోగే ముందు హోమ్స్ కొట్టిన దెబ్బలకు నార్టన్ తూలిపోయాడు. ఒక్క పాయింటుతో, అదీ ముగ్గురిలో ఇద్దరి లెక్కలో, టైటిలు వచ్చింది. ఇదే నార్టన్ అలీ దవడ విరగ్గొట్టినవాడు. నేను చూసిన హెవీవెయిట్ రౌండ్లలో ఆ పదిహేనోదాన్ని మించింది లేదు.

తర్వాత ఏడేళ్ళు అతను ఛాంపియన్. మొదటి ఎనిమిది సార్లూ ఎదుటివాళ్ళను చివరిదాకా నిలబడనివ్వలేదు. 1979లో ఎర్నీ షేవర్స్ కుడిచేతి దెబ్బకు కింద పడ్డాడు. అంత దెబ్బ తిన్నవాడు లేవడం నేనైతే చూడలేదు. లేచి, పదకొండో రౌండులో షేవర్స్‌నే ఆపించాడు. 1982లో జెర్రీ కూనీతో ఆడినప్పుడు దేశమంతా తెలుపు, నలుపు అని రెండుగా చీలింది. ఛాంపియన్‌ని చివర్లో పిలవడం ఆనవాయితీ. ఆ రాత్రి హోమ్స్‌ని ముందు పిలిచారు. అంత టెన్షన్‌లోనూ పదమూడు రౌండ్లు చల్లగా జ్యాబ్ కొడుతూ పని ముగించాడు.

అయితే ఎవరి మీద? నాయన ప్రశ్న. హోమ్స్ కొట్టినవాళ్ళు అనామకులు అని అప్పట్లో అందరూ రాశారు. ఒక శనివారం కాగితం మీద పేర్లు రాసుకుని సెలూన్‌కి వెళ్ళాను. అప్పట్లో టైటిలు ఇచ్చే సంఘాలు ఒకటి కంటే ఎక్కువ, కాబట్టి ఒకే సమయంలో ఒకరి కంటే ఎక్కువ ఛాంపియన్లు ఉండేవాళ్ళు. మైక్ వీవర్: 1979లో హోమ్స్ చేతిలో ఓడాడు, 1980లో ఛాంపియన్ అయ్యాడు. బెర్బిక్: 1981లో ఓడాడు, 1986లో ఛాంపియన్. విథర్‌స్పూన్: 1983లో ఓడాడు, 1984లో ఛాంపియన్. బోన్‌క్రషర్ స్మిత్: 1984లో ఓడాడు, 1986లో ఛాంపియన్. హోమ్స్‌తో ఆడిన రోజున వాళ్ళకు పేరు లేదు, పేరు తర్వాత వచ్చింది. మర్సియానో కొట్టినవాళ్ళది దీనికి తిరగబడిన కథ. వాళ్ళకు పేరు ముందే ఉంది, ఒంట్లో సత్తువే తగ్గింది. వాల్కాట్‌ని కొట్టినవాడి అంకె ఘనంగా కనపడుతుంది, వీవర్‌ని కొట్టినవాడి అంకె పలచగా కనపడుతుంది. రింగులో ఆ రాత్రి ఎదురుగా ఉన్న మనిషి మాత్రం ఎవరికి గట్టివాడు?

ఫ్యాక్టరీ పెద్దమనిషి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సెలూన్ పెద్దాయన అరగంట మాట్లాడలేదు. తర్వాత "మరి విథర్‌స్పూన్‌తో మళ్ళీ ఎందుకు ఆడలేదు?" అన్నాడు.

అది న్యాయమైన ప్రశ్నే, నేను కూడా దాన్ని దాటలేను. విథర్‌స్పూన్‌తో గెలిచింది జడ్జీలు విడిపోయిన ఫైటు. నార్టన్‌తోనూ అంతే. ఇద్దరికీ రెండో అవకాశం ఇవ్వలేదు. గ్రెగ్ పేజ్, పింక్లన్ థామస్ లాంటి కుర్రవాళ్ళతో ఆడలేదు. రెండో టైటిలు గెలిచి అన్నీ ఒక్కచోటికి తేలేదు. 48వది, కార్ల్ విలియమ్స్‌తో గెలిచింది, చాలామంది లెక్కలో గెలుపే కాదు. ఇటువైపు 1986లో స్పింక్స్‌తో రెండోసారి ఓడింది చాలామంది లెక్కలో ఓటమి కాదు. అలీ వెళ్ళి లిస్టన్‌ని, ఫ్రేజర్‌ని, ఫోర్‌మన్‌ని వాళ్ళ బలం తగ్గకముందే ఎదుర్కొన్నాడు. ఫ్రేజర్, నార్టన్, లియోన్ స్పింక్స్ తనను ఓడిస్తే, వాళ్ళతో మళ్ళీ ఆడి గెలిచాడు. మూడున్నరేళ్ళు లైసెన్సు లేకుండా కూర్చోబెట్టినా తిరిగొచ్చాడు. అందుకే 5 ఓటములున్నా మొదటివాడు అలీయే, నాకూ సందేహం లేదు. జో లూయీ రెండోవాడు. కానీ ఆ తర్వాతి కుర్చీ కోసం మాట్లాడేటప్పుడు హోమ్స్ పేరు ఎత్తకపోతే అది అన్యాయం. ముందు అలీ, వెనక టైసన్, నెత్తిమీద మర్సియానో 49. ముగ్గురి నీడలో పడి కనపడకుండా పోయాడు. నేను ఆ ఊళ్ళో ఉండగా, 47 ఏళ్ళ వయసులో, ఇంకా ఆడుతున్నాడు.

ఇదంతా నాయనకు ఉత్తరాల్లో రాశాను. జవాబు వచ్చేది, వాతావరణం గురించి, అమ్మ మోకాళ్ళ గురించి. హోమ్స్ సంగతి ఉండేది కాదు.

2000 ఎండాకాలంలో అమ్మా నాయనా వచ్చారు. రెండో రోజే నదివైపు తీసుకెళ్ళాను. నాయన రోడ్డు బోర్డు చదివాడు, నా మొహం చూశాడు, నడక సాగించాడు. శనివారం సెలూన్‌కి తీసుకెళ్ళాను. అద్దం పైన ఫొటో చూడగానే నాయన ఆగి, ఇంగ్లీషులో, రైల్వే ఆఫీసులో పైఅధికారితో మాట్లాడినంత జాగ్రత్తగా, "రాకీ మర్సియానో. 49 ఫైట్లు" అన్నాడు. పెద్దాయన కత్తెర కింద పెట్టి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

ఆ రోజు వాదన రెండు గంటలు నడిచింది. నాయన మద్రాసులో అలీని కళ్ళారా చూశానని చెబితే ఇద్దరూ నమ్మలేదు. ఎల్లిస్ పేరు, 1971 హ్యూస్టన్ ఫైటు, పన్నెండో రౌండు అన్నీ చెప్పాక నమ్మారు. ఫ్యాక్టరీ పెద్దమనిషి నాయనను ఒక్కటే అడిగాడు. ఆ రాత్రి హోమ్స్ ఏం చేశాడో మీరు చూశారా? నాయన చూడలేదు. పేపర్లో చదివాడు, అంతే. ఇరవై ఏళ్ళుగా ఒక ఫైటు గురించి ఆయన కోపం, నాలుగు పేరాల వార్త మీద నిలబడి ఉంది.

ఆ సాయంత్రం క్యాసెట్టు తెచ్చాను. అమ్మ వంటింట్లో ఉంది. నాయన కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కున్నాడు. రౌండు తర్వాత రౌండు అలీ చెయ్యెత్తలేకపోతున్నాడు. బరువు తగ్గడానికి వాడిన మందులు ఒంట్లో సత్తువంతా లాగేశాయని తర్వాత బయటపడింది. అవి పేపర్లలో వచ్చాయి, నాయనకు తెలుసు. తెలియనిది, హోమ్స్ మొహం. కొట్టగలిగినప్పుడు కొట్టకుండా ఆగుతున్నాడు. ఇక ఆపమని రిఫరీ వైపు చూస్తున్నాడు. గెలిచాక గెంతలేదు, ఏడ్చాడు. ఆ రాత్రే అలీ గదికి వెళ్ళి, నువ్వంటే నాకు ప్రేమ అని చెప్పి వచ్చాడు. నాయన క్యాసెట్టు వెనక్కి తిప్పమన్నాడు. తొమ్మిదో రౌండు మళ్ళీ చూశాడు.

"ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు ద్రోణుడి కాళ్ళ దగ్గర బాణాలేస్తాడు గదా, దణ్ణం పెట్టినట్టు" అన్నాడు. "ఆ తర్వాత యుద్ధం చెయ్యక తప్పలేదు ఆయనకి."

నేనేం మాట్లాడలేదు. కాసేపటికి ఆయనే, "టైసన్ ఈణ్ణి కొట్టినప్పుడు ఈడికెంత వయసు?" అని అడిగాడు. 1988 జనవరి. 38 అన్నాను. హోమ్స్ కూడా దాదాపు రెండేళ్ళు ఖాళీగా ఉండి వచ్చాడు, నాలుగో రౌండులో పడిపోయాడు. ఆ రాత్రి రింగు దగ్గర అలీ కూర్చుని ఉన్నాడని కూడా చెప్పాను. నాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, "అదే వయసు" అన్నాడు. ఆ మర్నాడు నార్టన్ ఫైటు చూపించాను. పదిహేనో రౌండు మూడుసార్లు వెనక్కి తిప్పించాడు. అమ్మ చారు చల్లారిపోతోందని పిలిచినా లేవలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు ఆఫీసులో హోమ్స్ ఫైట్ల పట్టిక ప్రింటు తీసిచ్చాను. అప్పటికి 73. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి పాస్‌పోర్టు ఉన్న సంచిలో పెట్టుకున్నాడు. ఏం చేస్తావు అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. 2002 జులైలో హోమ్స్ చివరి ఫైటు గెలిచినప్పుడు ఫోన్ చేస్తే, "ఎన్ని రౌండ్లు?" అని అడిగి, "పది" అంటే "సరే" అని ఫోన్ అమ్మకిచ్చాడు.

నాయన 2011లో పోయాడు. కర్మకాండలయ్యాక బీరువాలో ఆ పుస్తకం దొరికింది. ఎర్ర గుడ్డ మాసిపోయి గోధుమరంగులోకి వచ్చింది. తెరిచి అలీ పేజీలు చూశాను. 59 వరసలు. 60వది లేదు. ఖాళీ గడిలో పెన్సిలు చుక్క కూడా లేదు. తర్వాత ఏదో అనిపించి పుస్తకం వెనక్కి తిప్పి, చివరి పేజీ వైపు నుంచి తెరిచాను.

అటు నుంచి ఇంకో లెక్క మొదలైంది. అవే ఐదు గళ్ళు. పైన పెద్ద అక్షరాలతో లారీ హోమ్స్, కింద చిన్నగా ఈస్టన్, అబ్బయ్య ఉన్న ఊరు. మొత్తం 75 వరసలు. చివరి రెండు వేరే ఇంకుతో. కింద గీత గీసి 69 గెలుపు, 6 ఓటమి అని కూడిక వేసి ఉంది. వేలు పెట్టి ఒక్కొక్క వరసే చదువుకుంటూ పోయాను. నార్టన్ వరస పక్కన, గడి దాటి మార్జిన్‌లో, "15వ రౌండు మళ్ళా చూడాల" అని రాసుకున్నాడు. ఇంకాస్త కిందకు వస్తే 36వ వరస. 1980 అక్టోబరు 2, లాస్ వేగాస్, ముహమ్మద్ అలీ, 10వ రౌండు, గెలుపు.